పడవ ఎక్కితేనే చేరగల దీవికి ఏ విమానాశ్రయం నుంచి వెళ్లాలి? ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

అండమాన్‌కు, లక్షద్వీప్‌కు, గంగాసాగర్‌కు, థాయ్‌లాండ్ దీవులకు మన ప్రాంతం నుంచి వెళ్లే కుటుంబాలలో చాలామంది ముందుగా చవకగా దొరికిన విమాన టికెట్ కొని, పడవ సంగతి ఆ తర్వాత చూసుకుంటారు. ఆ వరుసను తిప్పి, పడవ వేళ తెలుసుకున్న తర్వాతే విమానాశ్రయాన్ని నిర్ణయించుకోవాలన్నది ఈ కింది జవాబులన్నింటికీ ఆధారం.

దీవికి అతి దగ్గరగా ఉన్న విమానాశ్రయాన్ని ఎంచుకుంటే సరిపోదా?

కొన్నిసార్లు సరిపోతుంది, చాలాసార్లు సరిపోదు. పటం మీద కనిపించే కిలోమీటర్ల కంటే, మీ విమానం దిగే వేళకూ ఆ రోజు చివరి పడవ బయలుదేరే వేళకూ మధ్య ఎన్ని గంటలు మిగులుతాయన్నదే ముఖ్యం. అందుకే లెక్కను దీవి వైపు నుంచి మొదలుపెట్టి ఇంటి వైపుకు రావాలి. దీవిలో ఏ రేవులో దిగుతారు, ఆ రేవుకు పడవలు ఇవతలి ఒడ్డున ఎక్కడి నుంచి బయలుదేరుతాయి, మీరు వెళ్లే నెలలో చివరి పడవ ఎప్పుడు, అక్కడికి రోడ్డు మీద ఎంతసేపు పడుతుంది అన్నవన్నీ తేలిన తర్వాతే విమానాశ్రయం పేరు ఎత్తాలి.

అస్సాంలో బ్రహ్మపుత్ర మధ్యనున్న మాజులీ దీవి దీనికి మంచి ఉదాహరణ. అక్కడికి పడవలు నిమాటి ఘాట్ నుంచి కమలాబారి వైపు వెళ్తాయి. నిమాటి ఘాట్‌కు దగ్గరి విమానాశ్రయం జోర్హాట్. రెండింటి మధ్య దూరం 20 కిలోమీటర్ల లోపే. అయితే జోర్హాట్‌కు వచ్చే విమానాలు తక్కువ, హైదరాబాద్ నుంచి వెళ్లేవారు కోల్‌కతాలోనో గువాహటిలోనో మారవలసి ఉంటుంది, పైగా తూర్పున పొద్దు త్వరగా వాలుతుంది కనుక పడవలు కూడా సాయంత్రానికి ముందే ఆగిపోతాయి. మధ్యాహ్నం మూడు గంటలకు జోర్హాట్‌లో దిగేవారికి ఆ దగ్గరితనం వల్ల ఒరిగేదేమీ లేదు. ఎలాగూ ఒక రాత్రి ఊళ్లో గడపవలసిందే. అలాంటప్పుడు విమానాలు ఎక్కువగా ఉండే గువాహటిలో దిగి, సుమారు 300 కిలోమీటర్ల దూరాన్ని రైలులో దాటి, మరునాడు ఉదయం పడవ అందుకోవడం ఖర్చుకూ శరీరానికీ మేలు. జోర్హాట్‌లో ఉదయం పదకొండు లోపు దిగే విమానం దొరికితే మాత్రం దానినే తీసుకోవాలి. వానాకాలంలో బ్రహ్మపుత్ర పొంగినప్పుడు పడవలను పూర్తిగా ఆపివేస్తారు; ఆ నెలల్లో ఏ విమానాశ్రయమూ మేలు కాదు.

వెళ్లబోయే చోటికి ఇంకా పడవ అవసరమేనా అని ఎలా తెలుసుకోవాలి?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ద్వారక యాత్రకు వెళ్లే మనవారు ఇప్పటికీ దీని దగ్గరే పొరబడుతున్నారు. బేట్ ద్వారకకు ఓఖా నుంచి పడవలో దాటవలసిన రోజులు 2024 ఫిబ్రవరిలో సుదర్శన్ సేతు ప్రారంభమవడంతో పోయాయి. ఇప్పుడు బస్సూ కారూ నేరుగా దీవిలోకి వెళ్తాయి కనుక, పడవ వేళల కోసం ముందురోజే ఓఖా చేరుకోవాలన్న పాత సలహాను పక్కన పెట్టవచ్చు. విమానాశ్రయం ఎంపిక కేవలం రోడ్డు దూరానికి సంబంధించినది అవుతుంది. జామ్‌నగర్ నుంచి ద్వారక సుమారు 130 కిలోమీటర్లు. అక్కడికి తగిన విమానం లేకపోతే రాజ్‌కోట్ చూడవచ్చు. రామేశ్వరం సంగతీ అంతే: అది దీవే అయినా పాంబన్ దగ్గర రైలు వంతెన, 1988 నుంచి రోడ్డు వంతెన ఉన్నాయి కాబట్టి మదురై విమానాశ్రయంలో దిగి రోడ్డు మీద వెళ్లిపోవచ్చు.

మన ఇంటి నుంచి శంషాబాద్ ఒక్కటే మార్గమా?

మహబూబ్‌నగర్, జడ్చర్ల, షాద్‌నగర్ వారికి శంషాబాద్‌ను మించినది లేదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద మహబూబ్‌నగర్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు, హైదరాబాద్ నగరంలోకి ప్రవేశించే పనే లేదు. కల్వకుర్తి, అచ్చంపేట వారు శ్రీశైలం రహదారి మీద కడ్తాల్ దాటి తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు అందుకుంటారు. దేవరకొండ వారికి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా దారి ఉంది. నల్లగొండ వారు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట వద్ద ఔటర్ ఎక్కుతారు.

కోదాడ, హుజూర్‌నగర్ వైపు వారికి మాత్రం గన్నవరం దగ్గరవుతుంది. అయినా అక్కడి నుంచి దూర ప్రాంతాలకు నేరుగా వెళ్లే విమానాలు తక్కువ కనుక, హైదరాబాద్‌లోనో చెన్నైలోనో బెంగళూరులోనో మారవలసి వచ్చినప్పుడు ఇంటి దగ్గర మిగిలిన రెండు గంటలు అక్కడ పోతాయి. ఆలంపూర్, గద్వాల వారికి కర్నూలు జిల్లా ఓర్వకల్లు విమానాశ్రయం 2021లో అందుబాటులోకి వచ్చింది గానీ అక్కడి నుంచి కొద్ది నగరాలకే విమానాలు నడుస్తాయి. కనుక ఆ వైపు వారు దానిని మొదటి ఎంపికగా కాక, వేళ కుదిరితే వాడుకునే వెసులుబాటుగా చూడడం మంచిది.

సంక్రాంతి రోజుల్లో నల్లగొండ, సూర్యాపేట వారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పంతంగి, కొర్లపహాడ్ టోల్ ప్లాజాల దగ్గర విజయవాడ వైపు వెళ్లే వాహనాల కోసం ఎక్కువ గేట్లు కేటాయిస్తారు. దాంతో హైదరాబాద్ వైపు గేట్లు తగ్గుతాయి కనుక, అటు వెళ్లేవారికి రద్దీ లేదనుకుని ఆలస్యంగా బయలుదేరకూడదు.

అండమాన్‌లో ఉన్నది ఒక్క విమానాశ్రయమే కదా, అక్కడ ఎంచుకోవడానికి ఏముంది?

దిగే విమానాశ్రయం ఒక్కటే: పోర్ట్ బ్లెయిర్‌లోని వీర్ సావర్కర్ విమానాశ్రయం. 2024 సెప్టెంబరులో ఆ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు, అయినా టికెట్ల మీద రెండు పేర్లూ కనిపిస్తాయి. హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ను షహీద్ ద్వీప్ అనీ 2018 డిసెంబరులో మార్చారు. పడవ టికెట్ కొనేటప్పుడు ఈ పేర్లు తెలియకపోతే అయోమయం కలుగుతుంది.

అసలు ఎంపిక బయలుదేరే వైపు, మారే వైపు ఉంది. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం దొరికితే వేరే ఆలోచన వద్దు. దొరకనప్పుడు చెన్నై, కోల్‌కతా, బెంగళూరు మిగులుతాయి. వీటిలో చవకైనది ఏదని కాక, పోర్ట్ బ్లెయిర్‌లో ఉదయం పది గంటల లోపు దింపేది ఏదని చూడాలి. ఎందుకంటే అండమాన్ మనకంటే చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అక్కడ సూర్యుడు మహబూబ్‌నగర్ కంటే దాదాపు గంట ముందే అస్తమిస్తాడు. చలికాలంలో ఐదున్నరకే చీకటి పడే చోట పడవలు కూడా పొద్దున్నే మొదలై మధ్యాహ్నం దాటిన కొంతసేపటికే ముగుస్తాయి. ప్రభుత్వ ఫెర్రీలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి, ప్రైవేటు కంపెనీల వేగవంతమైన ఫెర్రీలు హాడో జెట్టీ నుంచి బయలుదేరుతాయి. ప్రభుత్వ ఫెర్రీలో స్వరాజ్ ద్వీప్‌కు సుమారు రెండున్నర గంటలు, ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. విమానాశ్రయం నుంచి ఈ జెట్టీలు దగ్గరే, అయినా బయలుదేరే వేళకు గంట ముందే లోపల ఉండాలి.

మా సలహా ఏమిటంటే, దిగిన రోజే స్వరాజ్ ద్వీప్‌కు పరుగెత్తకండి. మొదటి రోజు సెల్యులర్ జైలు చూసి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకుని మరునాడు ఉదయపు ఫెర్రీ ఎక్కితే, శంషాబాద్‌లో విమానం రెండు గంటలు ఆలస్యమైనా మీ ప్రయాణం చెదరదు. చిన్నపిల్లలతో, పెద్దవారితో వెళ్లేవారికి ఇది సలహా కాదు, నియమమే అనుకోవాలి. ఓడ ప్రయాణం గురించి కూడా కొందరు అడుగుతుంటారు. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా నుంచి ఓడలు ఉన్నాయి గానీ సముద్రం మీదే రెండున్నర రోజులకు పైగా గడుస్తుంది. విశాఖ నుంచి ఓడలు చాలా అరుదుగా నడుస్తాయి కనుక సెలవు తక్కువ ఉన్నవారికి అది పనికిరాదు.

మధ్యలో విమానం మారవలసి వస్తే రెండు టికెట్లు విడివిడిగా కొనవచ్చా?

దీవికి వెళ్లేటప్పుడు వద్దు. ఒకే బుకింగ్ కింద రెండు విమానాలూ ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు తర్వాతి విమానంలో పంపే బాధ్యత విమాన సంస్థదే అవుతుంది. విడివిడిగా కొంటే రెండో టికెట్ డబ్బు పోవడమే కాక, ఆ వెనకనున్న ఫెర్రీ టికెట్టూ, మొదటి రాత్రి హోటల్ గదీ పోతాయి. వెయ్యి, రెండు వేల రూపాయల ఆదా కోసం ఇంత ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవడం తగదు.

లక్షద్వీప్‌కు ఎక్కడి నుంచి వెళ్లాలి?

కొచ్చి నుంచి. లక్షద్వీప్‌లో విమానాశ్రయం అగత్తిలో మాత్రమే ఉంది. దాని రన్‌వే చిన్నది కావడం వల్ల చిన్న విమానాలే దిగగలవు, కనుక సీట్లు ఎప్పుడూ తక్కువే. కవరత్తి, కద్మత్ వంటి ఇతర దీవులకు అగత్తి నుంచి పడవలో వెళ్లాలి, లేదా కొచ్చి విల్లింగ్డన్ ఐలాండ్ నుంచి రాత్రంతా సాగే ఓడ ఎక్కాలి.

అగత్తికి వేరే నగరం నుంచి విమానం దొరికినా నేను కొచ్చినే ఎందుకు చెబుతున్నానంటే, విమానమూ ఓడా రెండూ ఉన్న చోటు అదొక్కటే. అగత్తి విమానం రద్దయినప్పుడు మరో మార్గం వెతుక్కునేందుకు కొచ్చిలో వీలుంటుంది. మరెక్కడైనా ఉంటే ఇంటికి తిరిగి రావలసిందే. నెడుంబాశ్శేరిలోని కొచ్చి విమానాశ్రయం నుంచి విల్లింగ్డన్ ఐలాండ్‌కు సుమారు 40 కిలోమీటర్లు ఉంటుంది, ఎర్నాకుళం రద్దీలో గంటన్నరకు పైగా పట్టవచ్చు. అన్నిటికంటే ముందు ప్రవేశ అనుమతి చేతికి రావాలి. అది లేకుండా విమాన టికెట్ కొనకండి. నైరుతి రుతుపవనాల కాలంలో దీవుల మధ్య పడవలు బాగా తగ్గిపోతాయి కనుక ప్రయాణాన్ని అక్టోబరు తర్వాతకు పెట్టుకోవడం మేలు.

గంగాసాగర్ యాత్రకు కోల్‌కతా తప్ప వేరే దారి లేదా?

సాగర్ దీవికి దగ్గరి పెద్ద విమానాశ్రయం కోల్‌కతాలోని దమ్‌దమ్. అయితే అది నగరానికి ఉత్తరాన ఉంది, గంగాసాగర్ దక్షిణాన ఉంది. నగరమంతా దాటి, సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించి కాక్‌ద్వీప్ దగ్గరి లాట్ నంబర్ ఎనిమిది రేవుకు చేరాలి. అక్కడి నుంచి మూరిగంగ నదిని లాంచీలో దాటి కచుబేరియాలో దిగి, మళ్లీ 30 కిలోమీటర్లు బస్సులోనో వ్యానులోనో వెళ్తే కపిలముని ఆశ్రమం వస్తుంది.

ఇక్కడ మన ప్రాంతం వారికి అలవాటు లేని ఒక విషయం ఉంది, అది ఆటుపోట్లు. మూరిగంగలో మేటలు వేసిన ఒండ్రు వల్ల ఆటు సమయంలో నీరు తగ్గి లాంచీలు కదలలేవు, పోటు వచ్చేదాకా కొన్ని గంటలపాటు ఒడ్డునే ఆగవలసి వస్తుంది. ఆటుపోట్ల వేళ ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక, పోయిన వారం వెళ్లివచ్చిన పక్కింటివారు చెప్పిన లాంచీ వేళ మీకు పనికిరాదు. ఉదయం దమ్‌దమ్‌లో దిగి సాయంత్రానికి ఆశ్రమం చేరుకోవచ్చు అనుకునేవారు ఆ రోజు ఆటు ఎప్పుడో చూసుకుని మరీ టికెట్ కొనాలి. మకర సంక్రాంతి మేళా రోజుల్లో రేవు దగ్గర బారులు ఎంత పొడవుంటాయో చెప్పలేం కాబట్టి, దిగిన రోజు కోల్‌కతాలో గాని కాక్‌ద్వీప్‌లో గాని నిద్ర చేయడం ఉత్తమం.

పూరీ దర్శనం కూడా ఉద్దేశించుకున్న కుటుంబాలకు రాకపోకలకు వేర్వేరు విమానాశ్రయాలు పెట్టుకోవడం బాగా కుదురుతుంది. వెళ్లేటప్పుడు భువనేశ్వర్‌లో దిగి, పూరీ చూసుకుని, రాత్రి రైలులో హౌరా చేరి, గంగాసాగర్ స్నానం తర్వాత కోల్‌కతా నుంచి శంషాబాద్‌కు తిరిగి రావచ్చు. రానూపోనూ ఒకే చోటి నుంచి ఉండాలన్న నియమమేదీ లేదు.

మల్పే దగ్గరి సెయింట్ మేరీస్ దీవికి, ముంబైలో ఎలిఫెంటాకు?

మొదటి దానికి మంగళూరు విమానాశ్రయం. మల్పే పక్కనున్న ఉడుపి అక్కడి నుంచి గంటన్నర ప్రయాణం. వానాకాలంలో ఆ దీవికి పడవలు ఉండవు. ఎలిఫెంటాకు పడవలు గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి సుమారు గంటసేపు నడుస్తాయి, గుహలు సోమవారం మూసి ఉంటాయి. రెండూ ఒక్క పూటలో చూసి వచ్చే దీవులే కనుక విమానాశ్రయం గురించి ఎక్కువ తర్జనభర్జన అవసరం లేదు.

థాయ్‌లాండ్‌లో ఫీ ఫీ దీవులకు పుకెట్ మంచిదా, క్రాబీ మంచిదా?

ఫీ ఫీలో విమానాశ్రయం లేదు. రెండు చోట్ల నుంచీ ఫెర్రీలో సుమారు గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. తేడా ఒడ్డు మీద ఉంది. పుకెట్ విమానాశ్రయం పుకెట్ దీవికి ఉత్తర కొసన ఉంటే, రస్సాదా రేవు తూర్పు తీరాన పుకెట్ పట్టణం పక్కన ఉంది, గంట ప్రయాణం. క్రాబీలో విమానాశ్రయం నుంచి క్లాంగ్ జిలాద్ రేవు దగ్గర. హైదరాబాద్ నుంచి నేరుగా పుకెట్‌కు విమానం దొరికే రోజుల్లో పుకెట్టే సరైనది; బ్యాంకాక్‌లో ఎలాగూ మారవలసి వస్తే క్రాబీ హాయి.

కో సముయి విషయం వేరు. ఆ దీవిలో విమానాశ్రయం ఉంది, దానిని ఒక ప్రైవేటు విమాన సంస్థ నిర్మించుకుంది కనుక టికెట్ ధర ఎక్కువ. చవకగా వెళ్లాలంటే సూరత్ థానీలో దిగి, బస్సులో డాన్‌సక్ రేవుకు వెళ్లి ఫెర్రీ ఎక్కాలి. నలుగురున్న కుటుంబానికి ఆదా గణనీయంగానే ఉంటుంది గానీ దాదాపు సగం రోజు ఖర్చవుతుంది. మూడు రాత్రులే ఉండేవారు నేరుగా సముయిలోనే దిగాలి, వారం ఉండేవారు సూరత్ థానీ గురించి ఆలోచించవచ్చు. నెలను కూడా చూడాలి: పుకెట్, క్రాబీ వైపు సముద్రం మే నుంచి అక్టోబరు దాకా అల్లకల్లోలంగా ఉంటుంది, సముయి వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దసరా సెలవులకు ఒక తీరం బాగుందని విన్నవారు సంక్రాంతికీ అదే బాగుంటుందని అనుకోకూడదు.

మాల్దీవుల్లో?

మాలే పక్కనున్న వెలానా విమానాశ్రయం బయటే జెట్టీ ఉంది. విమానం దిగి నడిచి పడవ ఎక్కవచ్చు. ప్రభుత్వ ఫెర్రీలు చాలావరకు శుక్రవారం నడవవు, సీప్లేన్లు చీకటి పడ్డాక ఎగరవు. సాయంత్రం దిగేవారు తమ హోటల్ స్పీడ్‌బోట్ పంపగలదా అని ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

తిరుగు ప్రయాణంలో ఎంత వ్యవధి ఉంచుకోవాలి?

ఈ పేజీలో ఒక్క జవాబు మాత్రమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. వెళ్లేటప్పుడు పడవ తప్పితే ఒక రాత్రి పోతుంది, వచ్చేటప్పుడు పడవ తప్పితే విమానం పోతుంది. గాలి వాన వల్లనో, తుపాను హెచ్చరిక వల్లనో పడవలు ఆగినప్పుడు ముందు ఇబ్బంది పడేది ఆ రోజే విమానం ఉన్నవారు. కనుక దీవి నుంచి వచ్చిన రోజే విమానం ఎక్కే ఏర్పాటు ఎంత సౌకర్యంగా కనిపించినా ఒప్పుకోవద్దు. చివరి రాత్రిని విమానాశ్రయం ఉన్న ఒడ్డునే గడపండి. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో అండమాన్ వెళ్లేవారు రెండు రాత్రులు ఉంచుకున్నా అతి జాగ్రత్త కాదు.

పెద్దవారు, సామాను ఎక్కువ ఉన్నవారు ఏం చూసుకోవాలి?

విమానాశ్రయంలో వీల్‌చైర్ అడిగితే ఇస్తారు, రేవులో చాలాచోట్ల ఉండదు. ఊగే పడవలోకి పలక మీదుగా నడవాలి, కొన్నిచోట్ల మెట్లు దిగాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్లేవారు పడవ మార్పులు తక్కువగా ఉండే విమానాశ్రయాన్నే ఎంచుకోవాలి, టికెట్ ధర కొంచెం ఎక్కువైనా సరే. సామాను విషయంలో చిన్న విమానాలూ పడవలూ రెండూ కఠినంగానే ఉంటాయి. ఇంటి నుంచి తెచ్చే సకినాలు, గారెలు, పచ్చడి డబ్బాలన్నీ కలిపి 15 కిలోలు దాటకుండా చూసుకోండి. కడుపులో తిప్పే అలవాటు ఉన్నవారు డాక్టరును అడిగి మాత్ర తీసుకుని, పడవలో మధ్య భాగాన, కింది అంతస్తులో కూర్చోవాలి.

బయటి ఊళ్ల బంధువులు నాగార్జునకొండకు, కురువపురానికి వస్తామంటే ఏ విమానాశ్రయం చెప్పాలి?

మన దగ్గరా పడవ ఎక్కితేనే చేరగల దీవులు ఉన్నాయని మనమే మరచిపోతాం. నాగార్జునకొండ మ్యూజియంకు లాంచీలు నాగార్జునసాగర్ కుడి గట్టున విజయపురి సౌత్ నుంచి వెళ్తాయి. శంషాబాద్ నుంచి సాగర్‌కు మూడు గంటలకు పైగా పడుతుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు. చివరి లాంచీ మధ్యాహ్నమే కనుక ఉదయం విమానంలో వచ్చేవారు ఆ రోజు సాగర్‌లో ఉండి మరునాడు కొండకు వెళ్లాలి.

శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రమైన కురువపురం కృష్ణ మధ్యలో, కర్ణాటక సరిహద్దులో ఉంది. మన వైపు నుంచి మక్తల్ దగ్గరి పంచదేవ్ పహాడ్ చేరి, అక్కడ పుట్టిలోనో పడవలోనో దాటుతారు. మహారాష్ట్ర నుంచి వచ్చే భక్తులకు కలబురగి విమానాశ్రయం దూరంలో దగ్గరే అయినా అక్కడికి విమానాలు తక్కువ. శంషాబాద్‌లో దిగి జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, మరికల్ మీదుగా మక్తల్ చేరడమే నమ్మదగిన దారి. వానాకాలంలో మాత్రం వారిని విమాన టికెట్ కొనే ముందే ఆపాలి. ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నా, పశ్చిమ కనుమల్లో వానలు పడి ఆల్మట్టి, నారాయణపూర్ గేట్లు ఎత్తితే కృష్ణ ఒక్కసారిగా పెరుగుతుంది, దాటడం ఆపివేస్తారు. ఎగువ నుంచి వదిలే నీటి వివరాలు పత్రికల్లో రోజూ వస్తాయి. వాటిని చూసి మీరే వారికి కబురు చేయడం మంచిది.

పడవ రద్దయి విమానం తప్పితే డబ్బు తిరిగి వస్తుందా?

పడవ నడిపేవారే రద్దు చేస్తే సాధారణంగా పడవ టికెట్ డబ్బు తిరిగి ఇస్తారు, విమానం డబ్బు కాదు. పడవ రాలేదన్న కారణాన్ని విమాన సంస్థ లెక్కలోకి తీసుకోదు. ప్రయాణ బీమా తీసుకునేవారు వాతావరణం వల్ల పడవ ఆగిపోతే పరిహారం ఉంటుందా అన్న షరతును కొనే ముందే చదవాలి. రద్దయిన పడవ టికెట్‌నూ, రేవులో ఇచ్చిన సందేశాన్నీ ఫోనులో దాచి ఉంచుకుని, విమానం బయలుదేరే వేళకు ముందే విమాన సంస్థకు ఫోన్ చేసి తేదీ మార్చమని అడగండి. విమానం వెళ్లిపోయిన తర్వాత అడిగితే చాలా టికెట్లకు పన్నులు తప్ప ఏమీ తిరిగి రావు.